మాఘంలో చూచిన భూమిని భాద్రపదంలోనూ చూడాలి
(ధమధా చెరువుల గట్టున ఒక ఋణ పరిశీలన)

భిలాయి అనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది ఉక్కు. సోవియట్ సహకారంతో నిర్మింపబడిన ఈ కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజులలో కూలి పనికీ, కొలిమి పనికీ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈనాటికీ ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నవి. శనివారం సాయంత్రం సెక్టార్ 5 లోని బాలాజీ మందిరానికి వెళ్ళినవారికి తాము పరాయి రాష్ట్రంలో ఉన్నామన్న సంగతే గుర్తుకు రాదు.

అయితే ఉక్కు కూడా నీరు త్రాగియే బ్రతుకుతున్నదన్న విషయం చాలామందికి తట్టదు. రైతుల పొలాల కోసం ఆంగ్లేయుల కాలంలో కట్టిన తాందులా జలాశయమూ, 1950 దశకంలో దానికి తోడుగా నిర్మించిన గోండ్లీ జలాశయమూ ఈ కర్మాగారపు దాహాన్ని తీర్చుతూ వచ్చినవి. లక్షల టన్నుల ఉక్కు పోసే కొలిమికే చెరువు ఆధారమైనప్పుడు, మూడెకరాల రైతు సంగతి వేరుగా చెప్పవలసిన పని లేదు. ఆ రైతుకు అప్పిచ్చే బ్యాంకు సంగతి కూడా అంతే. ఈ విషయం నాకు తేటతెల్లమైన ఒక పర్యటన గురించి పాఠకులకు వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ధమధా దారిలో

దుర్గ్ పట్టణం నుండి శివ్‌నాథ్ నదిని దాటి ఉత్తరంగా సుమారు 35 కిలోమీటర్లు వెళ్తే ధమధా వస్తుంది. గోండు రాజుల కాలపు కోట శిథిలాలు, వాటి చుట్టూ చెరువులు, చెరువుల చుట్టూ పొలాలు గల చిన్న వ్యవసాయ పట్టణమిది. "ఛై ఆగర్ ఛై కోరీ" అని ఇక్కడివారు తమ చెరువుల లెక్క చెప్పుకుంటారు. కోరీ అంటే ఇరవై. ఆరు ఇరవైలు, పైన ఆరు, వెరసి 126. ఛత్తీస్‌గఢ్‌లోని మరికొన్ని పాత ఊళ్ళకు కూడా ఈ నానుడి ఉన్నది. ధమధాలో నేడు ఆ 126 చెరువులూ కనిపించవు. ఉన్నవాటిలో కొన్ని పూడినవి, కొన్ని కుంచించుకుపోయినవి. మిగిలినవి మాత్రం నేటికీ ఊరిని పోషిస్తూనే ఉన్నవి.

ఈ ప్రాంతపు రైతులు నేలను నాలుగు పేర్లతో గుర్తిస్తారు. కంకర నేల భాటా, పసుపు రంగు తేలిక నేల మటాసీ, దానికంటె బరువైనది డోర్సా, మన నల్లరేగడి వంటిది కన్హార్. ఖరీఫ్‌లో వరి, రబీలో శనగ, తివడా పండించటం ఇక్కడి పాత ఆనవాయితీ. వరి కోతకు రెండు మూడు వారాల ముందు, నేలలో తడి ఉండగానే, నిలిచియున్న పైరులోనే తివడా గింజలు చల్లుతారు. దీనిని ఉతేరా అంటారు. మన కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి మాగాణుల్లో మినుము, పెసర చల్లే పద్ధతి తెలిసినవారికి ఇది క్రొత్త కాదు. తివడాను ఎక్కువగా తిన్నవారికి కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉన్నందున, విషగుణం తక్కువగా ఉండే మహాతివడా, ప్రతీక్ వంటి రకాలను రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించింది. విత్తనాలు అమ్మే డీలర్లు ఈ పేర్లను గుర్తుంచుకోవటం మంచిది.

వీటికి తోడు ధమధా నేడు టమాటాకు ప్రసిద్ధి. బోరు నీరు, బిందు సేద్యం, మల్చింగ్ పరుపులతో పెద్ద కమతాలలో ఈ పంట సాగుతున్నది. ధర పలికిన ఏడు లారీలు బారులు తీరుతవి. పడిపోయిన ఏడు కోత కూలి కూడా దక్కక పంటను చేలోనే వదలివేయవలసి వస్తుంది. ఇటువంటి ఒడుదుడుకుల మధ్య అప్పు తీర్చగలిగే రైతు ఎవరు? నా అనుభవంలో రబీకి ఒక తడి నీరు, ఇంట్లో రెండు పాడి పశువులు, చెరువులో చేపల వాటా వంటి రెండవ ఆధారం ఉన్నవాడు. ఆ మూడింటికీ మూలం చెరువే.

చెరువు ఒడ్డున మూడెకరాలు

ఫిబ్రవరి నెలలో నేను అక్కడకు వెళ్ళినది ఒక ఋణ దరఖాస్తు పరిశీలనకు. దరఖాస్తుదారు భిలాయిలో ఉద్యోగ విరమణ చేసిన ఒక తెలుగు పెద్దాయన. స్వస్థలం శ్రీకాకుళం జిల్లా. పదవీ విరమణ సొమ్ములో కొంత భాగంతో ధమధా సమీపాన చెరువును ఆనుకొనియున్న రెండెకరాలు అప్పటికే కొన్నారు. దానిని ఆనుకొన్న మరొక ఎకరాన్ని కూడా కలుపుకొని చదును చేయించి, బోరు వేసి, టమాటా, వరి పండించాలని ఆయన ఆలోచన. మూడవ ఎకరానికి బయానా ఇచ్చియున్నారు. పంపుసెట్టు, పైపుల కొటేషన్‌తో డీలరు కూడా వెంట వచ్చాడు.

"చూడండి బాబూ, ఎంత చదునైన భూమో! నల్లగా నిగనిగలాడుతున్నాది. మా ఊర్లో ఇలాంటిది ఎకరం యాభై లక్షలంటారు," అన్నారాయన.

భూమి చదునుగా ఉన్నమాట నిజమే. కాని చదునైన నేల ఎందుకు చదునైనదో మనం ప్రశ్నించుకోవాలి. ఆ ఎకరంలో నడుస్తుంటే నెర్రెలిచ్చిన మట్టిలో ఎండిన నత్తగుల్లలు కాళ్ళకు తగులుతున్నవి. ముళ్ళున్న సింగాడా కాయల తొక్కలు, ఎండి నల్లబడిన తామర తూళ్ళు అక్కడక్కడా పడియున్నవి. అంచున ఉన్న తుమ్మచెట్టు మొదలుకు నా ఛాతీ ఎత్తున బురద చార ఒకటి స్పష్టంగా కనిపించింది. నేనా చారపై చేయి పెట్టి నిలబడ్డాను. పెద్దాయన ఒక్క నిమిషం మౌనం వహించారు.

నూరు గజాల దూరంలో నీరున్నది. ఆ నీటిలో చలికాలపు వలస బాతులు ఇంకా మిగిలియున్నవి. తామరాకులపై పొడుగు కాళ్ళ పిట్టలు నడుస్తున్నవి. ధమధాకు ఉత్తరాన, ఒకప్పుడు దుర్గ్‌లో భాగమై 2012 జనవరిలో విడివడిన బేమేతరా జిల్లాలో, గిధ్వా, పర్సదా అనే జంట గ్రామాల చెరువులకు ఈ పక్షులే పేరు తెచ్చినవి. 2021లో అక్కడ పక్షుల ఉత్సవం కూడా జరిగింది. మధ్య ఆసియా నుండి హిమాలయాలు దాటివచ్చే చారల తల బాతు మన పొలాల ప్రక్క చెరువులో దిగుతున్నదంటే, అక్కడ లోతు తక్కువ నీరు, మెత్తని బురద, నాచు, పురుగు ఉన్నవని అర్థం. అవన్నీ దొరికేది చెరువు నడుమ కాదు, అంచున. ఏటా మునిగి తేలే ఆ అంచునే మన తెలుగు రైతులు చెరువు శిఖం అంటారు. పెద్దాయన చదును చేయదలచినది సరిగ్గా ఆ శిఖాన్నే.

కాగితాలు ఏమి చెప్పినవి?

పట్వారీ వద్ద ఖస్రా, బి-1 ప్రతులు తెప్పించి చూశాము. రెండెకరాలు ఆయన పేర సక్రమంగా ఉన్నవి. మూడవ ఎకరం మాత్రం చెరువుతో కలిసియున్నది. అమ్మజూపినవాని పేరు అందులో ఎక్కడా లేదు. ఆ చెరువు నిస్తార్ క్రింద నమోదై ఉన్నది. నిస్తార్ అనగా స్నానానికి, పశువుల దాహానికి, ఇంటి అవసరాలకు గ్రామస్థులందరికీ ఉన్న ఉమ్మడి హక్కు. 1959 నాటి భూమి రెవెన్యూ కోడ్ ప్రకారం ఈ హక్కులను నిస్తార్ పత్రక్, వాజిబ్-ఉల్-అర్జ్ అనే గ్రామ దస్తావేజులలో వ్రాసి ఉంచుతారు. దున్నినంత మాత్రాన, పదేళ్ళు పంట తీసినంత మాత్రాన అట్టి భూమి ఎవరి సొంతమూ కాదు.

ఇక్కడ పాఠకులు ఒక సూక్ష్మాన్ని గమనించాలి. 2017 నాటి చిత్తడి నేలల సంరక్షణ నియమాలు ఆక్రమణలను, భూమి వినియోగపు మార్పును నిషేధిస్తున్నవి. కాని సాగునీటి కోసం మనుషులు తవ్వించిన చెరువులు ఆ నియమాల పరిధిలోకి రావు. అంత మాత్రాన అవి దిక్కులేనివని అనుకోరాదు. రెవెన్యూ కోడ్, పంచాయతీ అధికారాలు వాటిని కాపాడుతున్నవి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించవలసినదిగా జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆ కేసు కూడా ఒక ఊరి చెరువుకు సంబంధించినదే.

"బాబాయిగారూ, రెండెకరాలకు ఋణం సిఫారసు చేస్తాను. మూడవదానికి చేయలేను," అని చెప్పాను.

"అందరూ దున్నుకుంటున్నారు గదా బాబూ, నేనొక్కడినీ దున్నితే చెరువు ఎండిపోతాదా?" అని ఆయన ప్రశ్న.

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు లెక్కలోనే ఉన్నది.

ఒక ఎకరం శిఖం విలువ ఎంత?

ఎకరం నేలపై ఒక అడుగు ఎత్తున నిలిచిన నీరు సుమారు 12.3 లక్షల లీటర్లు. తుమ్మచెట్టుపై బురద చారను బట్టి ఆ ఎకరంలో వానాకాలాన సగటున నాలుగడుగుల నీరు నిలుస్తుంది. అంటే దాదాపు 49 లక్షల లీటర్లు. గట్టు వేసి, మట్టి పోసి ఆ ఎకరాన్ని మెట్ట చేస్తే అంత నీటికి చెరువులో చోటు పోయినట్లే. పోల్చి చూడటానికి ఒక ఉదాహరణ: 2022లో ప్రారంభమైన అమృత్ సరోవర్ పథకం క్రింద ప్రభుత్వం తవ్విస్తున్న ఒక్కొక్క చెరువు కనీస లక్ష్యం ఎకరం విస్తీర్ణం, సుమారు కోటి లీటర్ల నీరు. అనగా ప్రభుత్వం ఒక చోట చెరువు తవ్విస్తుండగా, మనం మరొక చోట అందులో సగభాగాన్ని పూడ్చివేసినట్లు.

శనగకు రెండంగుళాల తడి ఒకటి ఇవ్వటానికి ఎకరానికి రమారమి 2 లక్షల లీటర్లు కావాలి. ఆవిరికీ, ఇంకుడుకూ సగం పోయినా, ఆ 49 లక్షల లీటర్లలో మిగిలినది సుమారు 12 ఎకరాల శనగకు ఒక తడి ఇస్తుంది. పూత దశకు ముందు అందే ఆ ఒక్క తడితో ఎకరానికి ఒక్క క్వింటాలు దిగుబడి పెరిగినదనుకుందాం. 2025-26 మార్కెటింగ్ సీజనుకు శనగ మద్దతు ధర క్వింటాలుకు రూ. 5,650. పన్నెండు క్వింటాళ్ళకు రూ. 67,800.

ఇప్పుడు వరి లెక్క చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లో 2023-24 నుండి ఎకరానికి 21 క్వింటాళ్ళ వరకు ధాన్యాన్ని క్వింటాలు రూ. 3,100 చొప్పున కొంటున్నారు. ప్రతి గజం నేలనూ వరి క్రిందకు తేవాలన్న ఆశ రైతుకు కలగటంలో వింత లేదు. కాని ఆ ఎకరంలో పూర్తి పంట పండినా చేతికి వచ్చేది రూ. 65,100. అందులో విత్తనం, ఎరువు, దమ్ము, కోత ఖర్చులు పోవాలి. పైగా రికార్డులో లేని భూమి ధాన్యాన్ని కొనుగోలు కేంద్రంలో ఏ పేరున నమోదు చేయించాలి? ఒకరికి వచ్చేదానికంటె పన్నెండు మందికి పోయేది ఎక్కువ. ఇంకిన నీరు కూడా వృథా కాలేదు. అది దిగువ బావులనూ, బోర్లనూ నింపుతున్నది. పెద్దాయన సొంత రెండెకరాలలో వేయబోయే బోరుకు ఊట ఇచ్చేది ఆ చెరువే. ఆ శిఖాన్ని పూడ్చటమంటే తన బోరు గొంతు తానే నొక్కుకోవటం.

కొల్లేరు నేర్పిన పాఠం

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పలేదు. మా అమ్మగారి పుట్టిల్లు కైకలూరు ప్రాంతం. మా మేనమామ కొల్లేరు గర్భంలో చేపల చెరువు తవ్వించారు. అప్పట్లో అందరూ తవ్విస్తున్నారన్నదే ఆయనకున్న ధైర్యం. అప్పు కూడా పుట్టింది. కొల్లేరు ఐదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతం 1999లో అభయారణ్యంగా ప్రకటింపబడింది. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల వెంబడి ప్రభుత్వం చేపల చెరువుల గట్లను తొలగించింది. ఒక ఉదయం గట్టు పోయింది, చేప పోయింది. అప్పు మాత్రం పోలేదు. దానిని తీర్చటానికి మా అత్తయ్య మెడలోని నగలు, ఊరిలోని మెరక పొలం అమ్మవలసి వచ్చినవి.

తప్పు మా మామయ్య ఒక్కరిదే అనను. భూమి ఎవరిదని అడగకుండా అప్పిచ్చినవారికీ అందులో భాగమున్నది. ఈ ఉద్యోగంలో చేరిన నాటి నుండి చెరువు అంచున నిలబడిన ప్రతిసారీ ఆ మెరక పొలమే నా కళ్ళకు కడుతుంది. ఈ సంగతిని తుమ్మచెట్టు నీడన పెద్దాయనకు చెప్పాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకొని, "ఉద్యోగం సొమ్ము బాబూ... ముప్పయ్యారేళ్ళది," అన్నారు. బయానా తిరిగి రాబట్టుకునే ప్రయత్నంలో ఆయన ఇంకా ఉన్నారు. అదంతా తిరిగి వస్తుందని నేను భరోసా ఇవ్వలేకపోయాను. రెండెకరాలకు బిందు సేద్యం, చిన్న పంపు, ఒక మూలన నీటి కుంట వేసేటట్లు ప్రతిపాదన మార్చాము. డీలరు కూడా పెద్ద పంపు కొటేషన్ వెనక్కు తీసుకొని తగినది వ్రాసి ఇచ్చాడు. అతనికి ఆ రోజు అమ్మకం తగ్గింది. కాని వసూలు కాని బాకీ ఒకటి తప్పింది.

ఋణగ్రహీతలు గమనించవలసినవి

1. భూమిని రెండు ఋతువులలో చూడండి. మాఘంలో పొడిగా కనిపించినది భాద్రపదంలో నీటి పాలు కావచ్చును. చెట్లపై నీటి చారలు, నత్తగుల్లలు, తామర తూళ్ళు అబద్ధం చెప్పవు.

2. బయానాకు ముందే రికార్డు చూడండి. ఛత్తీస్‌గఢ్‌లో ఖస్రా, బి-1, నిస్తార్ పత్రక్ పరిశీలించాలి. తెలుగు రాష్ట్రాలలో శిఖం, పోరంబోకు నమోదులను, చెరువు పూర్తి నీటిమట్టపు హద్దును విచారించాలి.

3. పంట ఋణానికి కిసాన్ క్రెడిట్ కార్డునే వాడండి. 2025 జనవరి 1 నుండి రూ. 2 లక్షల వరకు వ్యవసాయ ఋణాలకు తాకట్టు అవసరం లేదు. 2025-26లో రూ. 3 లక్షల వరకు స్వల్పకాలిక ఋణంపై వడ్డీ 7 శాతం. గడువులో చెల్లించినవారికి 3 శాతం రాయితీ పోగా పడేది 4 శాతమే.

4. చెరువును పూడ్చకుండానే దానిపై సంపాదించవచ్చును. 2019 ఫిబ్రవరి నుండి చేపల పెంపకానికి, పాడికి కూడా కిసాన్ క్రెడిట్ కార్డు వర్తిస్తున్నది. చెరువు సొంతమైనా, సక్రమమైన కౌలుపై తీసుకున్నదైనా చాలు. తగిన అనుమతి పత్రం ఉండాలి. సింగాడా, తామర తూడు సాగు చేసేవారు కూడా పంచాయతీ కౌలు పత్రాన్ని భద్రపరచుకోవాలి.

5. పూడిక మట్టిని తీసి పొలానికి తోలుకోండి. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో ఈ పద్ధతి పెద్దయెత్తున సాగింది. చెరువు లోతు పెరుగుతుంది, పొలానికి సారం చేరుతుంది. తవ్వేముందు పంచాయతీ అనుమతి తప్పనిసరి.

6. బిందు సేద్యానికి సన్న, చిన్నకారు రైతులకు కేంద్ర పథకం క్రింద 55 శాతం, ఇతరులకు 45 శాతం సహాయం నిర్ణయింపబడియున్నది. అప్పు అడిగే ముందు ఈ సహాయాన్ని లెక్కలో తీసివేయండి. అవసరానికి మించి తీసుకున్న ప్రతి రూపాయికీ వడ్డీ ఉంటుంది.

డీలరు మిత్రులకు

కొటేషన్‌పై సర్వే సంఖ్య వ్రాయండి. ఆ సంఖ్య రైతు పేర ఉన్నదో లేదో ఒకసారి అడగండి. బావి లోతు, నీటి ఊట చూచిన పిమ్మటనే పంపు సామర్థ్యం నిర్ణయించండి. "అప్పు నేనిప్పిస్తాను" అన్న హామీ ఎన్నడూ ఇవ్వకండి. మంజూరు చేసేది బ్యాంకు. తీర్చేది రైతు. మధ్యన మాట పడేది మీరు. ఊరిలో చెరువు బ్రతికియుంటేనే వచ్చే ఏడు కూడా విత్తనం, ఎరువు, పైపు అమ్ముడుపోతవి.

చెరువుకు నీటి ఆశ, నీటికి చెరువు ఆశ అని మన సామెత. రైతుకూ బ్యాంకుకూ ఉన్న సంబంధం కూడా అటువంటిదే. అప్పుకు పట్టాదారు పుస్తకం హామీ కావచ్చును, నగలు హామీ కావచ్చును. వాటికంటె ముందు నేలలో తడి హామీగా నిలవాలి. ధమధా నుండి తిరిగివచ్చే దారిలో పొద్దు వాలుతున్నది. చెరువు గట్టున పశువులు నీరు త్రాగి ఇంటిముఖం పట్టినవి. ఆ ఎకరం శిఖం ఖాళీగానే ఉన్నది. శ్రావణంలో దాని మీదకు నీరు రావాలి.